కాళ్ళ కింద 18 సెకన్లు: హిమాచల్‌లోని బీర్‌లో మనోళ్ళిద్దరి పారాగ్లైడింగ్ నియర్ మిస్, పూర్తి కేస్ స్టడీ

గుడ్డ రెక్కతో ఎగిరే పారాగ్లైడర్లు రెండు గాల్లో గుద్దుకోబోయి తప్పించుకున్న కేసు ఇది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, రిజర్వ్ పారాచూట్ ఎవరూ వెయ్యలేదు, ఇద్దరూ మామూలుగా ల్యాండింగ్ గ్రౌండ్‌లో దిగినారు. అందుకే దీన్ని ఇంత వివరంగా రాయగలుగుతున్నా. గాల్లో నిజంగా గుద్దుకున్న కేసుల్లో పైలట్లు చాలాసార్లు మిగలరు, మిగిలినా ఆ నిమిషం వాళ్ళకు సరిగ్గా గుర్తుండదు. ఇక్కడ మాత్రం ఇద్దరి ట్రాక్‌లాగ్‌లూ (ఎగిరిన దారి, ఎత్తు జీపీఎస్‌లో రికార్డయినవి) ఉన్నాయి, ఒకరి హెల్మెట్ కెమెరా వీడియో ఉంది, అదే థర్మల్‌లో (ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిలో) ఉన్న మూడో పైలట్ పక్కనుంచి మొత్తం చూసినాడు, ముగ్గురూ మనోళ్ళే కాబట్టి సీజన్ అయినాక అనంతపురం వచ్చి కూర్చుని సెకను సెకనూ చెప్పినారు.

నేను ఇక్కడ అనంతపురం, కడప, కర్నూలు పిల్లోళ్ళకు పారాగ్లైడింగ్‌లో గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే నేల మీదే రెక్కను అదుపు చెయ్యడం నేర్పిస్తా, కొండల్లో ఫ్లైట్లు అయినాక వాళ్ళ ట్రాక్‌లాగ్‌లు తీసుకుని డీబ్రీఫింగ్ చేస్తా. ముగ్గురూ ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేర్లు పెట్టడంలా. కడపాయన వయసులో పెద్ద, చాలా ఏళ్ళుగా ఎగురుతున్నాడు, ఆయన్ని అందరూ అన్న అంటారు కాబట్టి ఇక్కడ కూడా అన్నే. అనంతపురం పిల్లోడు తమ్ముడు. చూసినోడు కర్నూలు పిల్లోడు.

ముందు జాగా గురించి చెప్పాల, లేకపోతే మిగతాది అర్థం కాదు. హిమాచల్‌లో బీర్ బిల్లింగ్. టేకాఫ్ బిల్లింగ్ దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో, ల్యాండింగ్ కింద బీర్‌లో. ధౌలాధార్ కొండలు అక్కడ వాయువ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతాయి, వాటి ముఖం నైరుతికి, అంటే మధ్యాహ్నం ఎండ నేరుగా ఆ ముఖానికి తగులుతుంది. టేకాఫ్ నుంచి ధర్మశాల వైపు పోతుంటే కొండ నీ కుడిచెయ్యి పక్క ఉంటుంది, తిరిగి వస్తుంటే ఎడమచెయ్యి పక్క. ఎదురెదురుగా వచ్చినప్పుడు తనకు కుడిపక్క కొండ ఉన్నోడికి దారి ఇవ్వాల, ఎందుకంటే ఆయన కుడికి తిరగలేడు, తిరిగితే కొండే. తనకు ఎడమపక్క కొండ ఉన్నోడు కుడికి, లోయ మీదికి జరగాల. ఈ రూల్ ఇంజిన్ లేని గ్లైడర్లకైనా, పారాగ్లైడర్లకైనా ఒకటే.

మన అనంతపురంలో ఏప్రిల్ ఎండకు లేచే థర్మల్స్ నేల మీద ఎక్కడంటే అక్కడ లేస్తాయి, ఆకాశం విశాలం, ఒకటి పోతే ఇంకొకటి. కొండల్లో అట్ల కాదు. ఎండ తగిలే రాతి ముఖం, బయటికి పొడుచుకొచ్చిన గుట్ట కొస, అక్కడే లిఫ్ట్, అంటే రెక్కను పైకెత్తే గాలి. దాంతో యాభై మంది గాల్లో ఉంటే ఆ యాభై మందీ అవే నాలుగు కొసల దగ్గర పోగవుతారు. అక్టోబర్, నవంబర్‌లో బీర్‌కు ప్రపంచం అంతా వస్తుంది, దాంట్లో టాండెమ్‌లు (పాసింజర్‌ను ఎక్కించుకుని ఎగిరేవి), కొత్తోళ్ళు, పోటీలకు ప్రాక్టీస్ చేసేవాళ్ళు, ఇంత పెద్ద రెక్కలూ అంత చిన్న రెక్కలూ అన్నీ కలిసే ఎగురుతాయి. 2024 అక్టోబర్‌లో అక్కడే గాల్లో రెండు పారాగ్లైడర్లు గుద్దుకుని బెల్జియం పైలట్ ఒకాయన చనిపోయినాడు. అంటే మనం మాట్లాడేది ఎక్కడో జరిగే విషయం కాదు.

ఇప్పుడు కేసు.

మధ్యాహ్నం మూడు దాటింది, గాలి తక్కువ, థర్మల్స్ ఇంకా బలంగానే ఉన్నాయి. అన్న ధర్మశాల వైపు కొంత దూరం పోయి తిరిగి వస్తున్నాడు, కొండ ఎడమచేతి పక్క. ముందర ఒక కొస మీద మూడు రెక్కలు ఎడమకు తిరుగుతూ పైకి పోతున్నాయి, వాటిలో ఒకటి కర్నూలు పిల్లోడిది. వాటికి కింద, కొస ముఖానికి ఆనుకుని, తమ్ముడు ఎనిమిది ఆకారంలో అటూ ఇటూ తిరుగుతూ లిఫ్ట్ కోసం వెతుక్కుంటున్నాడు. ప్రతి మలుపూ కొండకు దూరంగానే తిప్పినాడు, ట్రాక్‌లాగ్‌లో చక్కగా కనపడుతుంది, దాంట్లో తప్పు పట్టేదేం లేదు. కొస కంటే పైకి రాగానే పూర్తి చుట్లు మొదలుపెట్టినాడు, పైవాళ్ళు ఎడమకు తిరుగుతుండారని చూసుకుని తానూ ఎడమకే.

అన్న వచ్చి చేరినాడు. చేరేటప్పుడు కూడా పద్ధతిగానే, చుట్టు బయటి అంచు నుంచి, అందరూ తిరిగే దిక్కుకే. ఆ క్షణంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అన్న చెప్పింది, "లేత నీలం రెక్క, ఎడమ పక్క కింద, చూసినాప్పా." తమ్ముడు చెప్పింది, "నారింజ రెక్క వస్తాంది, పైనుండాది, అన్నే అనుకున్యా." ఈ రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి, ఈ కేసు అంతా వీటి మీదే నడుస్తుంది. చూడకపోవడం వల్ల జరిగింది కాదిది.

అప్పుడు ఇద్దరి మధ్య ఎత్తు తేడా 40 మీటర్లు. జీపీఎస్ ఎత్తులో కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు, అయినా లెక్కకు ఇది చాలు. అన్న సెకనుకు 1.2 మీటర్లు ఎక్కుతున్నాడు. కింద తమ్ముడికి థర్మల్ నడిబొడ్డు (కోర్) దొరికింది, సెకనుకు 3 మీటర్లు. అన్న వేరియో, అంటే ఎక్కే వేగాన్ని చప్పుడుతో చెప్పే మిషన్, చుట్టులో కొస వైపు వచ్చినప్పుడు గట్టిగా మోగింది, అంటే కోర్ అటుపక్కుంది, ఎవరైనా చేసేదే ఆయనా చేసినాడు, చుట్టు బిగించి కొస వైపు జరిగినాడు. ట్రాక్‌లాగ్‌లో ఆయన చుట్టు ఒక ముప్పై మీటర్లు లోపలికి జరిగింది. సరిగ్గా తమ్ముడి చుట్టు మీదికి.

ఇక్కడ్నుంచి ఇద్దరూ గుడ్డోళ్ళే. అన్నది పాడ్ హార్నెస్, పడుకున్నట్టు కూర్చుంటారు, కాళ్ళు గుడ్డ సంచి లాంటి దాంట్లో ఉంటాయి, దాని మీద వేరియో, జీపీఎస్ పెట్టే పలక. కింద నేరుగా ఏముందో కనపడే అవకాశమే లేదు. తమ్ముడికేమో నెత్తి మీద వాడి రెక్కే ఆకాశాన్ని మూసేస్తుంది. పైవాడికి కింద కనపడదు, కిందివాడికి పైన కనపడదు, కిందివాడు తొందరగా ఎక్కుతున్నాడు.

లెక్క చూడండి. 40 మీటర్లంటే మనిషి నుంచి మనిషికి. కానీ పారాగ్లైడర్ అనేది నిలువుగా ఏడెనిమిది మీటర్ల వస్తువు, తాళ్ళ పొడుగు అంత ఉంటుంది, కిందివాడి రెక్క వాడికంటే అంత పైనుంటుంది. అంటే అన్న కాళ్ళకూ తమ్ముడి రెక్కకూ మధ్య ఉన్న ఖాళీ నిజానికి 32 మీటర్లే. తేడా వేగం సెకనుకు 1.8. అంటే 18 సెకన్లు. ఇప్పుడు చుట్టు ఎంతసేపు పడుతుందో చూడండి, సెకనుకు 10 మీటర్ల వేగంతో 20 డిగ్రీలు వంగి తిరిగితే వ్యాసార్ధం 28 మీటర్ల దగ్గర, ఒక చుట్టుకు 17, 18 సెకన్లు. అంటే ఒకే ఒక్క చుట్టు. "చూసినా కదా, ఈ చుట్టు అయినాక మళ్ళీ చూస్తా" అనుకునేంత టైంలో మొత్తం అయిపోయింది. ఈ లెక్క బోర్డు మీద రాసినప్పుడు అన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు.

హెల్మెట్ కెమెరాలో ఆ 18 సెకన్లూ ఉన్నాయి. తల ఎటు తిరిగిందో కెమెరా చెప్తుంది, కళ్ళు ఎటు చూసినాయో చెప్పదు, ఆ సంగతి మనసులో పెట్టుకునే చూడాల. మొదటి పది సెకన్లలో అన్న తల మూడుసార్లు తిరిగింది. ఒకసారి ఎదురుగా ఉన్న కర్నూలు పిల్లోడి వైపు, ఒకసారి లోపలికి తిరిగే ఎడమ పక్కకు, ఒకసారి ముందరున్న వేరియో మీదికి, అక్కడ నాలుగు సెకన్లు ఆగింది. కిందికి, పాడ్ అంచు పక్కనుంచి ఒంగి చూడటం ఒక్కసారి కూడా లేదు. తర్వాత ఆయన కాళ్ళ ముందర నీలం గుడ్డ లేచింది. వీడియోలో అది చాలా మెల్లగా, నీళ్ళలోంచి పైకి వచ్చినట్టు కనపడుతుంది, అది చూసినప్పుడు గదిలో ఎవరికీ ఊపిరాడలేదు.

అన్న ఒళ్ళంతా కుడికి వేసి కుడి బ్రేక్ లాగినాడు, లోయ వైపు బయటికి వచ్చినాడు. కర్నూలు పిల్లోడి మాట ప్రకారం తమ్ముడి రెక్క కొస అన్న బూట్ల ముందర రెండు బారల దూరంలో పోయింది. బయటికి వస్తూ అన్న రెక్క ఎడమ పక్క మూడో వంతు మడుచుకుపోయింది, దానంతట అదే తెరుచుకుంది, ఒక ఇరవై మీటర్లు ఎత్తు పోయింది, అంతే. కొస అప్పటికి 120 మీటర్లు కిందుంది. రెండు రెక్కలూ చుట్టుకుని ఉంటే ఆ 120 మీటర్లలో తిరుగుతూ పడుతూనే హ్యాండిల్ పట్టుకుని, లాగి, ఖాళీ చూసి విసిరి, రిజర్వ్ తెరుచుకునేదాకా ఆగాల. కొందరికి అది సాధ్యమైంది, కానీ దాన్ని నమ్ముకుని ఎగరకూడదు.

తమ్ముడికి మాత్రం ఏం తెలీదు. నేను అతిశయోక్తి చెప్పడంలా, వాడు ఆ థర్మల్‌లో ఇంకో రెండు వందల మీటర్లు ఎక్కి, హాయిగా లోయ దాటి, దిగి, రెక్క మడుచుకుంటుంటే అన్న వచ్చి చెప్తే అప్పుడు తెలిసింది. "నేను చూసినాన్నా, పైన ఎవరూ లేరు" అన్నాడు. వాడి మాట నిజమే. వాడు పైకి చూసినాడు, కనపడింది వాడి రెక్క.

డీబ్రీఫింగ్‌లో మొదటి పది నిమిషాలు తప్పెవరిది అనేదాని మీదే పోయినాయి. అన్న మంచి మనిషి, "నాదే తప్పులేప్పా, కిందోడికి దారి ఇవ్వాల్సింది నేనే, పిల్లోణ్ణి అనొద్దు" అన్నాడు. రూల్ ప్రకారం అది కరెక్టే, థర్మల్‌లో కింద నుంచి తొందరగా ఎక్కేవాడికి పైవాడే దారి వదలాల, ఎందుకంటే కిందివాడు పైకి చూడలేడు. తమ్ముడు కూడా అదే పట్టుకున్నాడు, రూల్ నా పక్కుండాది కదా అని. నేను ఇద్దరినీ అక్కడే ఆపినా. దారి ఎవరిది అనే రూల్ ఇద్దరూ ఒకరికొకరు కనపడుతున్నంతసేపే పని చేస్తుంది. కనపడని మనిషికి నువ్వు దారి ఎట్ల ఇస్తావు? కనపడని మనిషి దగ్గర నుంచి నీ హక్కు ఎట్ల తీసుకుంటావు? తప్పు అన్న మీద వేసి కేసు మూసేస్తే తమ్ముడు నేర్చుకునేది సున్నా, రేప్పొద్దున వాడు పాడ్ హార్నెస్‌కు మారి పైనుంటాడు, కిందింకెవరో ఉంటారు.

నా అభిప్రాయం ఒకటే, దాన్ని గట్టిగానే చెప్తా. ఈ కేసులో నిర్ణయం తీసుకోవాల్సిన టైం నీలం గుడ్డ కనపడినప్పుడు కాదు, ఆ గుడ్డ కనపడకుండా పోయినప్పుడు. అన్న ఒక రెక్కను చూసినాడు, అది పాడ్ కిందికి పోయింది, మనసులో "ఉండాడు" అనేది "లేడు" అయిపోయింది. తమ్ముడు ఒక రెక్కను చూసినాడు, అది వాడి రెక్క వెనక్కి పోయింది, వాడికీ అంతే. ఇద్దరికీ ఒకేసారి. చూపు నుంచి తప్పిపోయిన మనిషి నీకు అత్యంత దగ్గరగా ఉన్నాడని అనుకోవాల, దూరం పోయినాడని కాదు.

మిగతా గుద్దుకునే కేసులకూ దీనికీ ఒక తేడా ఉంది, అది కొత్త పైలట్లకు చెప్పకపోతే తికమక పడతారు. కొండ వెంబడి ఎదురెదురుగా వచ్చేటప్పుడు నిన్ను గుద్దబోయేవాడు నీ చూపులో కదలడు, ఒకేచోట నిలబడి పెద్దగా అవుతాడు. మన కంటికి కదిలేదే ముందు కనపడుతుంది, నిలబడింది కనపడదు. తాడిపత్రి రోడ్డులో అడ్డరోడ్డు నుంచి వచ్చే లారీ కారు అద్దం పక్కనుండే కమ్మీ వెనక దాక్కుని చివరిదాకా కనపడకుండా వస్తుంది చూడండి, సరిగ్గా అదే. కానీ థర్మల్‌లో ఎదురుపక్క నీతో సమానంగా తిరిగేవాడు కూడా నీ చూపులో కదలడు, వాడితో ప్రమాదం లేదు, వాడు అక్కడే ఉన్నాడంటే అంతా బాగుందని అర్థం. అంటే "కదలనివాడు ప్రమాదం" అనే ఒక్క సూత్రం పట్టుకుని థర్మల్‌లోకి పోతే తప్పు మనిషిని చూస్తూ కూర్చుంటావు. అన్న చూసింది కూడా ఎదురుగా ఉన్న కర్నూలు పిల్లోణ్ణే.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్ళు పైలట్లకు ఇచ్చే సలహా పత్రంలో ఒక లెక్క ఉంది, ఒక విమానాన్ని చూసినప్పటి నుంచి మన విమానం నిజంగా పక్కకు తిరిగేదాకా 12.5 సెకన్లు పడుతుందని. దాంట్లో చూడటానికి పట్టేది సెకనులో పదో వంతే, ఇది మన మీదికి వస్తోంది అని అర్థం కావడానికి 5 సెకన్లు, ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి 4. రెండు పారాగ్లైడర్లు ఎదురెదురుగా గంటకు 38 కిలోమీటర్లతో వస్తే 12.5 సెకన్లలో కలిసి 260 మీటర్లకు పైన దాటేస్తాయి. పైలట్ లోపల కూర్చునే గ్లైడర్లు కొండ వెంబడి గంటకు 120తో వస్తే అదే టైంలో 830 మీటర్లు, మబ్బు కిందనో మంచు ముందరో సన్నటి తెల్ల రెక్క అంత దూరంలో ఎదురుగా కనపడటం ఎంత కష్టమో ఆలోచించండి. మన కేసులో 18 సెకన్లు ఉన్నాయి, వింటే చాలా ఉన్నట్టుంటుంది, కానీ చూపే లేనప్పుడు ఆ లెక్క మొదలే కాదు.

ఇక్కడ కర్నూలు పిల్లోడు అడిగినాడు, "అన్నా, దీనికి మిషన్ ఏదన్నా కొనుక్కోవచ్చు కదా?" మంచి ప్రశ్న. ఫ్లార్మ్ అని ఉంది, 2004లో స్విట్జర్లాండ్‌లో గ్లైడర్ పైలట్లే మొదలుపెట్టినారు, ప్రతి గ్లైడర్ తన దారిని రేడియోలో చుట్టుపక్కల వాళ్ళకు చెప్తుంది, గుద్దుకునే అవకాశం ఉంటే మోగుతుంది. ఆల్ప్స్‌లో ఎగిరే గ్లైడర్లకు అది చాలా మేలు చేసింది. కానీ అది రెండు పక్కలా ఉంటేనే పని చేస్తుంది, యాంటెన్నాకు పైలట్ శరీరమో, కార్బన్ ఫైబరో అడ్డమైతే అది అందే దూరం తగ్గిపోతుంది. పారాగ్లైడింగ్ వేరియోల్లో వచ్చేది చాలావరకు "నేను ఇక్కడున్నా" అని పంపించేదే, గ్లైడర్ పైలట్‌కు మనం కనపడటానికి. పదిమంది ఒకే చుట్టులో ఇరవై ముప్పై మీటర్ల దూరంలో తిరిగేచోట హెచ్చరిక పెడితే అది మోగుతూనే ఉంటుంది, అన్నేమో ఇంకాసేపు ఆ పలక మీదే చూస్తూ ఉంటాడు. కొనుక్కోవద్దని చెప్పను, గ్లైడర్లు తిరిగే కొండల్లో ఎగిరేవాళ్ళు తప్పకుండా పెట్టుకోవాల. ఈ కేసును మాత్రం అది ఆపేది కాదు.

రేడియో విషయం ఇంకా ముఖ్యం. కర్నూలు పిల్లోడు ముందే చూసినాడు, దాదాపు ఏడెనిమిది సెకన్లు ముందు, రేడియోలో అరిచినాడు కూడా. ఏమని? "చూసుకో అన్నా, చూసుకో!" వీడియోలో వినపడుతుంది. అన్న వెంటనే తల తిప్పి కుడికి చూసినాడు, ఎదురుగా చూసినాడు, ఎక్కడ చూసుకోవాలో తెలీదు కాబట్టి అన్ని పక్కలా చూసినాడు, కింద తప్ప. ఇది విని కర్నూలు పిల్లోడు చాలా బాధపడినాడు, బాధపడాల్సిన పని లేదు, ఎవరూ వాడికి అది నేర్పలేదు. ఎడమ, కుడి అని చెప్పినా లాభం లేదు, చుట్టు తిరిగేవాడికి నాలుగు సెకన్లలో ఎడమున్నది ఎదురుగా వస్తుంది. కొండ మారదు, లోయ మారదు. కాబట్టి ఇప్పుడు మా గుంపులో మాట ఇట్లుంటుంది: ముందు మనిషి, తర్వాత ఎక్కడ, తర్వాత ఏం చెయ్యాల. "కడపన్నా, కాళ్ళ కింద, లోయకు పో." అంతే, దాని తర్వాత రేడియో వదిలెయ్యాల.

నేల మీద చేసే ప్రాక్టీస్ కూడా మార్చినాం. ఎండిపోయిన చెరువులో గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేస్తాం కదా, అక్కడే ముగ్గుపిండితో పెద్ద చుట్టు గీసి నలుగురిని నడిపిస్తాం. ఒకరికి నడుముకు అట్టపెట్టె కట్టి కింద కనపడకుండా చేస్తాం, ఒకరికి టోపీ అంచు ముందుకు లాగి పైన మూసేస్తాం. నడుస్తూనే ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురి గురించి గట్టిగా చెప్తుండాల, "ఉండాడు, ఉండాడు, పోయినాడు." పోయినాడు అన్న నోటితోనే అడుగు బయటికి వెయ్యాల, చుట్టు వదిలి లోయ అనుకున్న పక్కకు నేరుగా నడిచిపోవాల, మళ్ళీ ముగ్గురూ కనపడినాకే చేరాల. మొదట్లో సిగ్గుపడతారు, రెండో రోజుకు అలవాటైపోతుంది. అసలు కష్టం అడుగు బయటికి వెయ్యడంలోనే ఉంది, గాల్లో అయితే అది మూడు మీటర్ల లిఫ్ట్‌ను వదిలి పోవడం, ప్రతి పైలట్ మనసూ దానికి ఎదురు తిరుగుతుంది. ఆకలిగొన్నోడి ముందర నుంచి విస్తరాకు లాగేసినంత బాధ అది, నాకు తెలుసు. అయినా వదలాల.

పైనుండేవాళ్ళకు ఇంకో అలవాటు చెప్తున్నా. చుట్టు బిగించి జరిగే ముందు, వేరియో ఎంత మోగినా, జరగబోయే పక్కకు ఒంగి పాడ్ అంచు పక్కనుంచి కిందికి చూడాల, చూసినాకే ఒళ్ళు వంచాల. కిందుండేవాళ్ళు అప్పుడప్పుడు చుట్టును కొంచెం వెడల్పు చేస్తే రెక్క దాచే ఆకాశం కొంచెం మారుతుంది, పైవాడికీ మనం కనపడే అవకాశం ఉంటుంది. కొస ఎత్తుకు పైకి రాగానే ఎనిమిది ఆకారం వదిలి చుట్లు మొదలుపెట్టే క్షణం ఉంటుంది చూడండి, అది చాలా సున్నితమైన క్షణం, పైవాళ్ళ లెక్కలో నువ్వింకా కొండ ముఖానికి ఆనుకుని ఉన్నావు, నువ్వేమో వాళ్ళ చుట్టు కిందికి వచ్చేసినావు. తమ్ముడి ట్రాక్‌లాగ్‌లో ఆ మార్పు అన్న చేరడానికి కాస్త ముందే జరిగింది.

ఇంకా తేలని విషయం టాండెమ్‌లది. వాళ్ళు పాసింజర్‌తో ఉంటారు, పెద్ద రెక్క, ముందర కూర్చున్న మనిషి అడ్డం, ఫోటో కోసం సెల్ఫీ స్టిక్, రోజంతా ఎక్కి దిగి ఎక్కి దిగి పైలట్ అలిసిపోయుంటాడు. వాళ్ళను చూపు పోగానే బయటికి పోండి అంటే పాసింజర్‌కు డబ్బుకు తగ్గ ఫ్లైట్ ఇవ్వాలన్న ఒత్తిడి ఉంటుంది. వాళ్ళతో ఒకే కొస మీద ఉన్నప్పుడు మనమే దూరం జరగాలని ప్రస్తుతానికి మా గుంపులో పెట్టుకున్నాం. వచ్చే సీజన్‌కు తమ్ముడు, అన్న ఇద్దరూ బీర్ పోతున్నారు. అన్న వేరియో పలకను పాడ్ మీద నుంచి తీసి ఛాతీ పట్టీ దగ్గర, పక్కకు, చిన్నదిగా పెట్టించుకున్నాడు. తమ్ముడు రెక్క అంచులకు నల్లచారలు వేయించుకుంటానంటే వద్దన్నా, గుడ్డ మీద రంగు వేస్తే బరువూ, గట్టిదనం మారుతుంది, కంపెనీ వాళ్ళను అడక్కుండా రెక్క మీద ఏమీ చెయ్యకూడదు.